కత్తెరకు దొరికిన తలకట్టు

2025 ఫిబ్రవరి నెలాఖరుకి అమెరికాలో పార్టీ సిటీ కంపెనీ సొంత దుకాణాలు మూతపడ్డాయి. మే నెల దాటకుండానే చేతిపనుల సామాన్లమ్మే జోయాన్ కూడా కొట్లు కట్టేసింది. పుట్టినరోజంటే ఆ కొట్లకి పరుగెత్తడం అలవాటైన తల్లులు మా ఫ్రిస్కోలో చాలామంది, ఇక అలంకరణ సామాన్లు ఎక్కడ కొనాలా అని దిగులుపడ్డారు. నాకు ఆ దిగులు లేదు. నాకు కావలసిన బ్యానర్ ఆ కొట్లలో ఏనాడూ నా కంటబడలేదు. మనవడి పుట్టినరోజుకి గోడ మీద తెలుగు అక్షరాలు ఉండాలన్నది నా పట్టు. అందుకు కత్తెర పట్టుకోవాల్సిందే.

చిన్నప్పుడు మా బళ్లో ఆగస్టు 15 వస్తోందంటే ముందురోజు పాఠాలు సాగేవి కావు. మైదాపిండి ఉడికించి జిగురు చేసేవాళ్లం. రంగు కాగితాలు మూడు మూలలుగా కత్తిరించి, పురికొసకి అంటించి, వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా కట్టేవాళ్లం. పెళ్లిళ్లకి థర్మాకోలు మీద వధూవరుల పేర్లు కోసి చమ్కీ అద్దేవాళ్లు మా ఊళ్లోనే ఉండేవారు. ఆ పని దగ్గర నిలబడి చూసినవాళ్లకి కార్డ్‌స్టాక్ అనే మందపాటి కాగితం కొత్త వస్తువేమీ కాదు.

కాగితం కొనే దగ్గర మాత్రం అమెరికా లెక్క మనల్ని తికమక పెడుతుంది. ఇక్కడ మందం పౌండ్లలో చెబుతారు. మామూలు ప్రింటరు కాగితం 20 పౌండ్లు, అంటే 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు). 65 పౌండ్ల కవర్ రకం 176 జీఎస్‌ఎం. 110 పౌండ్ల ఇండెక్స్ అని కనిపిస్తే అన్నిటికన్నా మందమైనదనుకుంటాం. అది 199 మాత్రమే, 80 పౌండ్ల కవర్ రకం 216. ఒక్కో రకాన్ని తూచడానికి తీసుకునే షీటు కొలత వేరు కావడమే దీనికి కారణం. అందుకని పౌండ్లు వదిలేసి జీఎస్‌ఎం చూడండి. అక్షరాలకి 176 జీఎస్‌ఎం చాలు, పిల్లల కత్తెరకి లొంగుతుంది. అక్షరాలు అంటించే వెనక జెండాలకి 216 తీసుకోండి. లోపలంతా ఒకే రంగున్న కాగితం అడగండి, లేకపోతే కోసిన అంచు తెల్లగా బయటపడుతుంది.

అసలు సంగతి అక్షరాల్లో ఉంది. ఇంగ్లీషులో హ్యాపీ బర్త్‌డే రాస్తే పదమూడు అక్షరాలు. పెద్దబడిలో ఒక్కొక్కటీ ఒకే ముక్కగా వస్తుంది. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ పది అక్షరాలే, పైన ఐదు, కింద ఐదు, రెండు వరుసలుగా చక్కగా అమరుతుంది. కానీ ‘పు’ కోయగానే తలకట్టు చేతిలోకి ఊడివస్తుంది, అది ఒంటిని తాకదు. ‘ట్టి’ కింద ఒత్తు విడిగా పడుతుంది. ‘కాం’ పక్కన సున్నా వేరే ముక్క, దాని నడిమి గుండ్రం ఇంకో ముక్క. మొదటిసారి చూసి మా మనవడు, “అమ్మమ్మా, ఇది విరిగిపోయిందే!” అన్నాడు. విరగలేదు నాన్నా, అది అక్కడ విడిగానే ఉంటుంది అని చెప్పి తలకట్టు వాడి అరచేతిలో పెట్టాను. రాసేటప్పుడు రోజూ మరిచిపోయే తలకట్టుని ఆ రోజు వాడే జాగ్రత్తగా తీసుకెళ్లి ‘ప’ మీద అంటించాడు. తరవాత నోటుబుక్కులో ఎప్పుడూ వదలలేదు.

ఈ ముక్కలు చెదరకుండా ఉండాలంటే, అక్షరం చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండేలా వేరే రంగులో ఒక నీడ కోసుకోవాలి. తలకట్టూ ఒత్తూ అన్నీ ఆ నీడ మీద కూర్చుంటాయి. లోపలి ఖాళీలు ముందు కోయాలి, బయటి గీత తరవాత. కత్తెర తిప్పకూడదు, కాగితాన్నే తిప్పాలి. సున్నా నడుమ కోసే చిన్న బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. యంత్రంతో కోసేవాళ్లు అక్షరాలని ముందు బొమ్మగా మార్చి ఇస్తే ఒత్తులు చోటు తప్పవు.

అక్షరాల రూపానికి అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన ఖతులు (ఫాంట్లు) ఉన్నాయి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మల్లన్న ఖతి పోస్టర్లకీ శుభలేఖలకీ అనువైనది. నేను అదే వాడతాను. సన్నగీత ఖతి కార్డ్‌స్టాక్‌కి పనికిరాదు, మలుపు దగ్గర చిరిగిపోతుంది.

ఇక థీమ్. మావాడికి డైనోసార్లు కావాలి. కొట్లో దొరికేవన్నీ కోరలు చూపించే టీరెక్స్‌లే. నేను వాడికి కోటాసారస్ చూపించాను. తెలంగాణలో భూపాలపల్లికి ఉత్తరాన యామన్‌పల్లి దగ్గర దాని ఎముకలు దొరికాయి. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవు, పొడుగు మెడ, ఆకులూ అలములూ తినే జంతువు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. వాళ్లమ్మ చిన్నప్పుడు అక్కడికి వెళ్లిందని తెలిశాక వాడికి ఇంకే డైనోసారూ నచ్చలేదు. వరుసకి అటొకటి ఇటొకటి ఆకుపచ్చ కోటాసారస్‌లు కోశాం. ఒక్క బొమ్మ గీసుకుంటే చాలు, అదే అచ్చు.

కట్టడం తేలిక. లెటర్ షీటుని సగానికి కోస్తే జెండా. పై మూలల్లో రెండు చిల్లులు పొడిచి దారం వెనక నుంచి పోనివ్వండి, జెండా తిరగబడదు. నీళ్ల జిగురు కాగితాన్ని ముడతలు పెడుతుంది, గ్లూ స్టిక్ నయం.

హాలు తీసుకుని డెకరేటర్‌ని పిలిచే ఇళ్లని నేను తప్పుపట్టను, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో తీరిక అరుదు. కానీ ఆ అలంకరణలో పిల్లవాడి చెయ్యి ఎక్కడా పడదు. 2007లో మొదలైన మనబడి లాంటి తెలుగు తరగతులకి వారం వారం కారులో తీసుకెళ్తున్న తల్లిదండ్రులకి నా మాట ఒకటే. వచ్చే పుట్టినరోజుకి రెండు వారాలు ముందుగా కూర్చోండి. అంతా కుదరకపోతే బిడ్డ పేరొక్కటైనా తెలుగులో కోయండి, కత్తెర మాత్రం బిడ్డ చేతికే ఇవ్వండి.