రిమోట్ ఇవ్వండి సార్

మా సైబర్ భద్రత వృత్తిలో ఎవరు క్లాసు చెప్పినా టార్గెట్ అనే దుకాణాల సంస్థ కథతోనే మొదలుపెడతారు. 2013 నవంబరు చివర, అమెరికాలో పండగ బేరాలు జోరుగా సాగుతున్నప్పుడు, ఆ దుకాణాల సంస్థ బిల్లింగ్ కౌంటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ దూరింది. మూడు వారాలు తిరక్కుండానే 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. 7 కోట్ల మంది పేర్లూ ఫోన్ నంబర్లూ కూడా పోయాయి. ఆ దుకాణాలకు ఏసీల పని, ఫ్రిజ్‌ల పని చేసిపెట్టే ఫాజియో మెకానికల్ అనే చిన్న కంపెనీ పెన్సిల్వేనియాలో ఉంది. దొంగలు ముందు ఆ కంపెనీకి మోసపు మెయిల్ పంపి, అక్కడ చిక్కిన పాస్‌వర్డ్‌తో టార్గెట్‌లోకి వచ్చారు.

‘ఏసీల్లోంచి హ్యాక్ చేశారట’ అని ఈ కథను చెప్పుకుంటారు గానీ, అది నిజం కాదు. దూరం నుంచి ఏసీలను నడిపే పని ఫాజియోకి లేనేలేదు. బిల్లులు పంపుకోవడానికి, కాంట్రాక్టు కాగితాలు, పనుల పురోగతి చూసుకోవడానికి మాత్రమే ఆ లింకు ఉందని ఆ కంపెనీయే ప్రకటించింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఈ సంగతే. బిల్లు ఇచ్చి పోయేవాడి కోసం తీసిన తలుపులోంచి గల్లాపెట్టె దాకా నడిచి వెళ్లగలిగారంటే మధ్యలో గోడ లేదన్నమాట. ఆ గోడ కట్టాల్సింది టార్గెట్. పైగా అంత డబ్బు పోసి పెట్టుకున్న నిఘా సాఫ్ట్‌వేర్ హెచ్చరించింది కూడా. బెంగళూరులోని వాళ్ల బృందం ఆ హెచ్చరికను చూసి మినియాపొలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి చెప్పింది. అక్కడ ఎవరూ కదల్లేదు. మరుసటి మే నెలలో సీఈఓ దిగిపోయారు. 2017లో 47 రాష్ట్రాలతో రాజీకి 1.85 కోట్ల డాలర్లు కట్టారు.

అమెరికా కథ మనకెందుకు అనేవాళ్లకు 2024 జులై 31 గుర్తుచేస్తాను. సహకార బ్యాంకులకూ గ్రామీణ బ్యాంకులకూ కంప్యూటర్ వ్యవస్థ నడిపే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అది టీసీఎస్, స్టేట్ బ్యాంకు కలిసి పెట్టిన సంస్థ. జబ్బు పాకకుండా, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వెంటనే దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీసింది. దాంతో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ ఆగిపోయింది. మర్నాటికి సర్దుకుంది. ఆ బ్యాంకుల్లో ఎవరూ ఏ తప్పుడు లింకూ నొక్కలేదు. దాడి మొదలైంది సీ-ఎడ్జ్‌లో కూడా కాదనీ, దానితో కలిసి పనిచేసే మరో కంపెనీలో సరిగా అమర్చని ఒక సర్వర్‌లోననీ క్లౌడ్‌సెక్ అనే భద్రతా సంస్థ వెల్లడించింది. మనకు పనిచేసిపెట్టే కంపెనీ, అంటే మన వెండర్, ఎవరో మనకు తెలుసు. ఆ వెండర్‌కి వెండర్ ఎవరో ఏ బ్యాంకు మేనేజరుకి తెలుస్తుంది?

ఇక మన ఊళ్లకు వద్దాం. నేను చూసే ఆఫీసులు పెద్దవేమీ కావు: రైస్ మిల్లులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, మందుల హోల్‌సేల్ దుకాణాలు, చిన్న ఫార్మా యూనిట్లు. వీటిలో నెలకోసారైనా వినిపించే మాట ‘రిమోట్ ఇవ్వండి సార్’. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది, సర్వీసు కుర్రాడు ఫోన్ చేస్తాడు, ఇటువైపు, దూరం నుంచి కంప్యూటర్ నడపనిచ్చే ఎనీడెస్క్ నంబరు చదివి వినిపిస్తారు. పదినిమిషాల్లో పని అయిపోతుంది. మాటిమాటికీ అడగడం ఎందుకని ఆ కుర్రాడే ఓ శాశ్వత పాస్‌వర్డ్ కూడా పెట్టేసి వెళతాడు. దాన్ని ఎవరూ తీయరు. తరవాత ఆ కుర్రాడు ఉద్యోగం మారతాడు, పాస్‌వర్డ్ మారదు.

“వాళ్లు మనవాళ్లేనండీ, నాన్నగారి టైం నుంచీ చేస్తున్నారు” అంటారు యజమాని.

“మనవాళ్లేనండీ, కాదన్నానా! మనవాళ్ల కంప్యూటర్‌లోకి ఎవరైనా దూరితే అది మనదాకా రాకుండా ఏముంది అని అడుగుతున్నాను” అంటాను.

నా ప్రశ్న వాళ్లకు అనుమానంలా తోస్తుంది. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అన్న సామెత వెండర్‌కి వర్తించదు. అతను దొంగ కాదు, చాలాసార్లు మనకంటే ముందు దెబ్బతిన్నవాడు. అయినా ఈ సంభాషణ దగ్గర మొహమాటం వచ్చి కూర్చుంటుంది. నా పనిలో సగం కష్టం సాంకేతికం కాదు, ఈ మొహమాటమే.

ఆడిటరుగారి ఆఫీసు సంగతి మరీ సున్నితం. ఊళ్లో సగం వ్యాపారాల డిజిటల్ సంతకాల టోకెన్లు అక్కడే ఒక సొరుగులో ఉంటాయి, ఒక్కోదానికీ పేరు రాసిన స్టిక్కరుతో. జీఎస్టీ లాగిన్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు కూడా చాలాచోట్ల అకౌంటెంటుదే. ఓటీపీ అతనికే వస్తుంది. ఇలా ఎందుకైందో నాకు తెలుసు: రిటర్ను గడువు రాత్రి పన్నెండుకి, యజమాని పెళ్లిలో, ఫోన్ ఎత్తడు. ఆ కంగారులో చేసిన ఏర్పాటే ఏళ్ల తరబడి సాగిపోతుంది.

ఇంతకంటే తేలిక దారి కూడా ఉంది. వెండర్ పేరు వాడుకుంటే చాలు, అతని కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఎవాల్దాస్ రిమసౌస్కాస్ అనే లిథువేనియా మనిషి తైవాన్‌కి చెందిన క్వాంటా కంప్యూటర్ పేరుతో దొంగ బిల్లులు పంపి, గూగుల్ నుంచీ ఫేస్‌బుక్ నుంచీ 2013-15 మధ్య 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో ఐదేళ్ల జైలు పడింది. వాళ్లకే తప్పనప్పుడు, ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇందులో వేయండి’ అన్న మెయిల్ చూసి మన మందుల దుకాణం గుమాస్తా డబ్బు పంపితే తిట్టడం న్యాయం కాదు. అతనికి ఒక నియమం ఇవ్వాలి: ఖాతా మార్పు వస్తే మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, మన పుస్తకంలో పాతగా ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి.

పెద్ద కంపెనీలు ఈ వెండర్ బెడదకి కనిపెట్టిన మందు ప్రశ్నపత్రం. వెండర్‌కి వందల ప్రశ్నల ఎక్సెల్ ఫైలు పంపిస్తారు. ముగ్గురు మనుషులున్న ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చుని అన్ని గళ్లలోనూ ‘అవును’ అని నింపి పంపుతారు. ఆ ఫైళ్లు చదివీ చదివీ నాకు కలిగిన అభిప్రాయం, వాటివల్ల భద్రత పెరగదు, రేపు తప్పు వెండర్ మీద వేయడానికి ఒక కాగితం మిగులుతుంది, అంతే. వెండర్‌ని నూరు ప్రశ్నలు అడిగే బదులు మనల్ని మనం ఒకటి అడగాలి: ఈ వెండర్ రేపు దొంగల చేతిలో పడితే వాళ్లు మన లోపలికి ఎంత దూరం రాగలరు? సీసీ కెమెరాల డబ్బాకీ బిల్లింగ్ కంప్యూటర్‌కీ ఒకే వైఫై ఉంటే, జవాబు ‘గల్లాపెట్టె దాకా’.

‘వెండర్ వల్ల జరిగింది’ అనే సాకు ఇక చెల్లదు కూడా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మీ ఖాతాదారుల వివరాలు మీ తరఫున ఎవరు చూసుకుంటున్నా బాధ్యత మీదే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. మీ ఆఫీసులో ఎనీడెస్క్ ఏయే కంప్యూటర్లలో ఉందో, ఓటీపీలు ఎవరి ఫోన్‌కి వెళుతున్నాయో, మీ డిజిటల్ సంతకం ఎవరి సొరుగులో ఉందో ఈ వారమే ఒక కాగితం మీద రాయించండి. వాటిలో అక్కర్లేనివి అదే రోజు తీయించండి. ఆడిటరుగారు ఏమనుకుంటారో అని ఆగకండి. కావాలంటే ఈ కాలమ్ చూపించండి.