ముందుగా వదులుకునేది ముక్కునే

పంచేంద్రియాల్లో ఏదో ఒకదాన్ని వదులుకోక తప్పదంటే దేన్ని వదులుకుంటారని అడిగితే, చూపునో వినికిడినో పోగొట్టుకుంటామనేవారు అరుదు. కాస్త తటపటాయించాక ఎక్కువమంది ముక్కు వైపే మొగ్గుతారు. తత్త్వవేత్తలకూ ఈ లెక్క కొత్తది కాదు. ఇంద్రియజ్ఞానం మీద రాసిన చిన్న గ్రంథంలో అరిస్టాటిల్, బతుకు అవసరాలకు చూపు మేలైనదనీ, మాట చెవి ద్వారానే చేరుతుంది కాబట్టి జ్ఞానానికి వినికిడే ఎక్కువ తోడ్పడుతుందనీ వాదించాడు. పందొమ్మిది నెలల వయసులోనే ఆ రెండింటినీ కోల్పోయిన హెలెన్ కెల్లర్, వాటిలో చెవుడే పెద్ద కష్టమని 1910లో ఒక వైద్యుడికి రాసింది. వాదమంతా కన్నుకూ చెవికీ మధ్యనే నడుస్తుంది, ముక్కు పోటీలోనే ఉండదు. వాసనకు ఒక అధ్యాయమే కేటాయించి, బట్టలకు పట్టిన వాసనను బట్టి మనిషి చేసే పని తెలిసిపోతుందని 1908 నాటి పుస్తకంలో వివరించినది కూడా ఆ కెల్లరే.

ముక్కును ఇంత తేలిగ్గా వదిలేయడానికి కారణం, అది చేసే పనిలో పెద్ద భాగం నాలుక ఖాతాలో జమ కావడమే. ఈ పొరపాటు లెక్క పండితుల్లోనూ కనిపిస్తుంది. న్యాయ వైశేషిక దర్శనాలకు ప్రవేశికగా నేటికీ చదివే తర్కసంగ్రహంలో అన్నంభట్టు రసాలను తీపి, పులుపు, ఉప్పు, కారం, వగరు, చేదు అని ఆరుగా విభజించి, గంధం దగ్గరికి వచ్చేసరికి సురభి, అసురభి, అంటే సువాసన, దుర్వాసన అని రెండింటితో సరిపెట్టాడు. ఆధునిక శరీరశాస్త్రం ఈ నిష్పత్తిని దాదాపు తలకిందులు చేసింది. నాలుక మీది రుచి గ్రాహకాలు గుర్తించే మూల రుచులు అయిదేనని ఇప్పుడు సాధారణంగా అంగీకరిస్తారు. మన ఆరింటిలోని కారం నిజానికి మంటను, వేడిని పసిగట్టే నాడుల పని, వగరు నోరు పట్టేసినట్టుండే స్పర్శ. మిగిలిన నాలుగింటికి మాంసం, పుట్టగొడుగుల వంటి వాటిలో ఉండే ఉమామి అనే రుచి తోడైతే అయిదవుతాయి. వాసన గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుగొన్నారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనిషి ముక్కులో అవి సుమారు 400 రకాలు. అన్నంభట్టును తప్పుపట్టడం అన్యాయం. రుచికి పేర్లున్నాయి, వాసనకు మల్లె వాసన, మట్టి వాసన అంటూ వస్తువు పేరు తగిలించడమే కానీ సొంత పేర్లు చాలా తక్కువ. పేరు లేనివాటిని లెక్కపెట్టడం తార్కికుడికైనా కష్టమే.

నోట్లో పెట్టుకున్న పదార్థం నుంచి లేచే ఆవిరులు, నమిలేటప్పుడూ మింగేటప్పుడూ గొంతు వెనుక దారిలో ముక్కు పైభాగానికి చేరుతాయి; ఈ వెనుకదారి వాసననే మనం రుచి అంటున్నాం. సందేహం ఉన్నవారు ముక్కు గట్టిగా మూసుకుని కొద్దిగా జీలకర్ర కలిపిన బెల్లం నమిలి చూడవచ్చు. తీపి అందుతుంది, గింజల గరుకు పంటికి తగులుతుంది, జీలకర్ర మాత్రం జాడ ఉండదు. ముక్కు వదిలిన మరుక్షణం అది నోటినిండా కమ్ముకుంటుంది. ఈ లెక్కన ఉగాది పచ్చడి వాసన తెలియనివారికి కూడా షడ్రుచులూ అందిస్తుంది, కానీ వారికి మామిడి పులుపు, చింతపండు పులుపు రెండూ ఒకటే పులుపు.

వంట అనే విద్య ఈ సంగతిని ఎప్పటి నుంచో ఆచరణలో పెట్టుకుంది. పోపునే తీసుకుంటే, కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడటం చెవికి తెలుస్తుంది, మినప్పప్పు ఎర్రబడటం కంటికి తెలుస్తుంది. మెంతులు వేగడానికీ మాడి చేదెక్కడానికీ మధ్య వ్యవధి ఎంత తక్కువంటే, పప్పుల మధ్య వాటి రంగు వెతికేలోపే పోపు చెడుతుంది, కమ్మని వాసన తగలగానే మూకుడు దించడమే ఉపాయం. చివర వేసే ఇంగువ పూర్తిగా ముక్కు కోసమే పుట్టిన వస్తువు. పచ్చిగా ఉన్నప్పుడు గంధకపు వాసన కొట్టే ఆ జిగురు వేడి నూనెలో పడగానే మెత్తబడి పులిహోరకు గుణం తెస్తుంది. ముక్కు పనిచేయనివారికి దాన్ని వేసినా వేయకపోయినా ఒకటే. ఎండుమిర్చి మాడినప్పటి ఘాటు మాత్రం వారికీ తుమ్ములు తెప్పిస్తుంది, ఎందుకంటే ఆ ఘాటును అందుకునేది వాసన నాడి కాదు, ముఖానికి స్పర్శను, నొప్పిని తెలిపే త్రిధార నాడి.

నైవేద్యం పెట్టే వంటను ముందుగా రుచి చూస్తే ఎంగిలి అవుతుందనే నియమం ఈ విద్యకు మరింత పదును పెట్టింది. మడి కట్టుకుని వండేవారిలో పులుసు ఉడుకుతుంటే వాసనకే ఉప్పు చాలలేదని చెప్పేవారుంటారని ప్రతీతి. ఉప్పుకు వాసన లేదు; నీటిలో కరిగిన ఉప్పు కొన్ని సువాసన ద్రవ్యాలను ఆవిరిగా పైకి నెడుతుందన్నది నిజమే అయినా, కూరలో వేసే పాటి ఉప్పుతో అది అంతగా తెలుస్తుందా అన్నది అనుమానమే. ఈ కీర్తిలో కొంత, కొలత తప్పని చేతికి చెందాలి.

చూపు లేనివారు చిటపటను, సెగను బట్టి వండగలరు, చెవి లేనివారు ఆవాల ఎగురుడు చూసి వండగలరు. ముక్కు బదులు పనిచేసే ఇంద్రియం వంటింట్లో దొరకదు. అడుగంటడం, పప్పు పాచిపోవడం, నెయ్యి ముక్కిపోవడం కంటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. వంటగ్యాసుకు సహజంగా చెప్పుకోదగ్గ వాసన లేదు కాబట్టే, లీకైతే తెలిసేందుకు గంధకం ఉన్న మెర్‌కాప్టాన్ అనే ఘాటైన రసాయనాన్ని అందులో కలుపుతారు. ఆ ఏర్పాటు మొత్తం ఇంట్లో ఎవరికో ఒకరికి ముక్కు పనిచేస్తుందనే నమ్మకం మీద నిలిచింది.

2020 నుంచి కోవిడ్ ఈ ఊహాప్రశ్నను అనేకుల అనుభవంగా మార్చింది. వైరస్ ఎక్కువగా వాసన నాడీకణాలను కాక వాటిని పోషించే కణాలను దెబ్బతీయడంతో చాలామందికి వాసన తిరిగి వచ్చింది, కొందరికి మాత్రం వికటించి వచ్చింది. పారోస్మియా అనే ఆ స్థితిలో కాఫీ, వేగుతున్న ఉల్లి, వెల్లుల్లి కుళ్ళు కంపు కొడతాయి. దీనికి వైద్యులు సూచించే అభ్యాసాన్ని జర్మనీలోని డ్రెస్డెన్‌కు చెందిన థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించింది: గులాబి, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు చొప్పున పన్నెండు వారాలు శ్రద్ధగా పీల్చాలి.

చూపు పోయినవారి కష్టంతో దీన్ని తూచడం ఈ రచయిత ఉద్దేశం కాదు. రోడ్డు దాటడానికి, చదువుకోవడానికి ముక్కు పనిచేయకపోవడం అడ్డం రాదు. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా వాసన కోల్పోవడం వాటిలో లేదు. వాసన పోయి పెళ్ళిళ్ళ వంట కాంట్రాక్టులు వదులుకున్న వంటమాస్టరు సదరం శిబిరానికి వెళ్ళినా, ఆ నష్టానికి శాతం కట్టి ధ్రువపత్రం ఇచ్చే వీలు లేదు. పొయ్యి దగ్గర ఇంకొకరిని నిలబెట్టి, మెంతులు వేగాయో లేదో వారిని అడిగి తెలుసుకుంటూ పని సాగించడం ఒక్కటే అతనికి మిగిలే దారి.