పూలజడ: వెనుక కూర్చుండువారి విద్య

తక్కిన ఆభరణములకును జడసొమ్ములకును ఒక భేదము కలదు. చేతిగాజులను, మెడలోని హారమును, కాలి అందెలను ధరించిన బాలిక వానిని తన కన్నులతో తాను చూచుకొని మురియవచ్చును గాని, వెన్నుపై వ్రేలాడు జడను, దానిపై వరుసలు దీర్చిన మల్లెమొగ్గలను, చివర నల్లాడు కుచ్చులను తానెన్నడును సూటిగా చూడజాలదు. పూలజడ వేసిన పిల్లను ఫొటో స్టూడియోకు తీసికొనిపోయి, వెనుక నిలువుటద్దమును పెట్టి, ముఖమును జడయు ఒక్క పటములో పడునట్లు తీయించుట తెలుగునాట ఒకప్పుడు ఇంటింటి వేడుకయైనది ఇందుచేతనే. ధరించువారికి కానరానిది, తన చేతులతో తాను కూర్చుకొన వీలుకానిది, పరుల చేతులలో పుట్టి పరుల కన్నులకు పండువగునది ఈ అలంకారము. పిల్లలకు చేతిపని నేర్పదలచిన పెద్దలు దీనిని ముందుగా ఎన్నుకొనవలెననుటకు నాకు తోచు ప్రధానకారణ మిదియే: ఇది నేర్చిన పిల్ల తన తలకు గాక, చెల్లెలి తలకో పొరుగింటి నేస్తపు తలకో పనిచేయవలసియుండును. మనమో, పిల్లను జడ మోయు బొమ్మగా గంటలకొలది కూర్చుండబెట్టుదుము గాని, జడ కట్టు వ్రేళ్ళను ఆమెకు అలవరచుటకు ఓపిక పట్టము.

నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు పేరు వినగానే నేటివారికి కృష్ణపట్నపు రేవును, నేలటూరి థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములును, రొయ్యలగుంటలును తలపునకు వచ్చును. అవి లోకమెరిగిన సంపదలు. ఇసుకనేలలోని తాటిచెట్లు, బకింగ్‌హాం కాలువ సాగు ఈ తీరపు మొగలిపొదలు, అల త్రోసిన గవ్వలు, దొరువునీటితో తడిపిన పెరటి మల్లెపాదులు, వీనిని ఏ ఓడయు ఎత్తుకొనిపోదు. జడసొమ్ములకు వలయు సరకులో చాలపాలు ఇందే కలదు. అంగడిలో అట్టకు గుచ్చి అమ్ము ప్లాస్టిక్ క్లిప్పులు వచ్చినంతమాత్రమున ఈ సరకు నశింపలేదు. దానిని ముట్టు చేతులు మాత్రము తగ్గినవి.

మొగలిరేకుల జడను గూర్చి కొంత తీరికగా చెప్పవలెను. మొగలిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. అనాసవంటి కాయ కాచునది ఆడుది కాగా, పరిమళించు పొత్తి మగచెట్టునకే పుట్టును. ఆ పొత్తి విప్పినచో లేతపసుపు చాయ గల పొడవాటి రేకులు ఒకదానిలో ఒకటి ఒదిగియుండును. రేకు అంచులవెంట ముండ్లు, నడిమి ఈనె అడుగున మరల ముండ్లు. వీనిని చాకుతో గీచివేయుట పెద్దల పని, ఇందులో పిల్లలకు చనవీయరాదు. ముండ్లు పోయిన రేకును తడిగుడ్డతో తుడిచి, రెండంగుళముల వెడల్పున ముక్కలుగా కత్తిరించి, రెండు కొసలను క్రిందికి మడిచి, ముక్కోణపు మొనగా దిద్దుట మాత్రము ఎనిమిదేండ్ల పిల్లయు చేయగలదు. ఈ మొనలను జడ కిరుప్రక్కల ఎదురెదురుగా నిలిపి, పై మడత క్రింది మడత కుట్టును కప్పునట్లు, సూదిదారముతో పాయలకు కుట్టుకొనిపోవుదురు. రేకునకు సహజమైన బిరుసుతన ముండుటచేత మడత విడిపోదు. వాడిన వెనుకను వాసన వీడదు గనుక, జడనుండి తీసిన రేకులను చీరల పెట్టెలో వేసి దాచుట గృహిణులకు పరిపాటి. మొగలిపూవు బ్రహ్మకొరకు కల్లసాక్ష్యము పలికి శివపూజకు దూరమయ్యెనని పురాణగాథ. దేవుడు వలదన్న పూవు ఆడపిల్లల జడలకు దక్కుటలో ఎవరికిని నష్టము కలిగినట్లు నాకు తోచదు.

మల్లెజడకు కాలమే గురువు. మల్లెమొగ్గ సాయంసంధ్యకు విచ్చును; కావున పండిన తెల్లమొగ్గను తెల్లవారుజామున కోసి, ఎండ ముదురకమునుపే కూర్పు ముగింపవలెను. ఆలస్యమైనచో మొగ్గ చేతిలోనే విచ్చి, సూది మొన తగులగానే రేకు రాల్చును. గడువును పిల్లలు గడియారములో గాక పూవులో చూచు పని ఇంతకంటె వేరొకటి ఉన్నదో లేదో నేనెరుగను. ముందుగా మొగ్గలను పరిమాణమునుబట్టి మూడు కుప్పలుగా ఏరుదురు. పెద్దవి జడ మొదటికి, చిన్నవి చివరకు. అరటిబోదె పట్టనుండి జడంత పొడవు, జడంత వెడల్పు గల ముక్కను కోసి, దానిపై అడ్డువరుసలుగా మొగ్గలను కుట్టి, ఆ పట్టను జడకు కట్టివేయుట సులువైన మార్గము. ఇందులో పిల్ల తల కదల్చినను భయము లేదు. మొదటి వరుసలో 11 మొగ్గలున్నచో క్రిందికి దిగినకొలది 9, 7, 5 అని సన్నగిల్లవలెను. బేసిసంఖ్య తప్పరాదు, ఏలయన నడుమ నొక మొగ్గ నిలిచినగాని కనకాంబరపు ఎఱ్ఱగీత సూటిగా సాగదు. కనకాంబరమునకు వాసన లేదు, మల్లెకు రంగు లేదు, మరువమునకు ఆకేగాని పూవన్న ఆర్భాటము లేదు. ఈ మూటిని జతపరచిన పూర్వుల అభిరుచిని మెచ్చుకొనక తప్పదు.

సూదికంటె ముందు వ్రేలితో పూలు కట్టుట నేర్పవలెను. ఎండిన అరటినారను తడిపి, సన్నగా చీల్చి, రెండు పూవు లిటు, రెండు పూవు లటు కాడలు కలియునట్లు పెట్టి, వ్రేలిమీదుగా నారను మెలివేసి ఉచ్చు బిగించుటయే ఈ విద్య సర్వస్వము. బిగువు మించినచో కాడ తెగును, చాలనిచో పూవు జారును. ఆ నడిమి బిగువును మాటలతో చెప్పజాలము. అవ్వ తన మునివ్రేళ్ళను పిల్ల వ్రేళ్ళపై ఆనించి ఒక మూరెడు కట్టించినచో, రెండవ మూర పిల్లయే కట్టును.

పూలు లేని దినములకు కుచ్చులు కలవు. నాలుగు వ్రేళ్ళ వెడల్పు అట్టముక్కపై నల్లని పట్టుదారమును గాని ఊలును గాని ఏబది చుట్లు చుట్టి, పై మలుపులో గట్టి దారము దూర్చి ముడివేసి, క్రింది మలుపును కత్తిరించి, మెడ కట్టి, ఆ కట్టుపై జరీపోగు చుట్టిన యెడల ఒక కుచ్చు సిద్ధమగును. ఇట్టివి మూడు చేసి, మూడింటి దారములను జడ మూడు పాయలలో కలిపి అల్లవలెను. ముత్తుకూరు పిల్లలకు ఇందులో ఒక సదుపాయము కలదు. ఇసుకలో మాటువేయు ఒకజాతి నత్త, ఆల్చిప్పజాతి జీవులను తినుటకై వాని చిప్పకు గుండ్రని బెజ్జము తొలుచును. అట్టి చిప్పలను ఏరితెచ్చినచో తొలుచు శ్రమ లేకయే దారము దూరును. గురివిందగింజలను మాత్రము పూసలుగా వాడనీయరాదు. చూపునకు ఎంత ముచ్చటగా నున్నను, బెజ్జము వేసిన గింజ నోటబడినచో ప్రాణాపాయము.

వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో మాల్యగ్రథనము ఒకటి, తలపై పూలశేఖరములను కూర్చు శేఖరకాపీడయోజనము వేరొకటి. పూలు గ్రుచ్చుటను, తలకు కూర్చుటను రెండు కళలుగా ఎంచిన ఆ పరిగణన పని తెలిసినవారి పరిగణన. కంసాలి చేతిలో ఈ పూలే బంగారమై, రాగిడియు, చామంతిబిళ్ళయు, నాగరమును, జడగంటలును అయినవి. బిళ్ళ లోపల లక్క నింపి సొట్టపడకుండ కాపాడుట వారి నేర్పు. జడ కూర్చుట ఆడుపిల్లల పని యని మగపిల్లలను లేపి పంపువారు కూచిపూడిని ఒకసారి తలచుకొనవలెను. భామాకలాపములో సత్యభామ తెరమీదుగా వెలుపలికి వేయు జడయే ఆ పాత్రకు పతాక; ఆ జడను తరతరములుగా ధరించినవారు పురుషులు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ వేషమునకు దేశమంతట కీర్తిగాంచినాడు.

చేతిపనిద్వారా చదువు అను భావము ఈ జిల్లాకు క్రొత్తది కాదు. 1921లో గాంధీమహాత్ముడు పెన్నయొడ్డున పల్లిపాడులో ఆశ్రమమును ప్రారంభించినప్పుడే రాట్నము చదువులో భాగమయ్యెను. 1937 నాటి వార్ధా సభ దానికొక విద్యావిధానపు రూపమిచ్చెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులవారికి పుస్తకముల సంచి లేని పది దినములను, స్థానిక వృత్తులను చవిచూచుటకై, సూచించినది. వడ్రంగమును, కుమ్మరిపనిని తలచిన అయ్యవార్లు పూలు కట్టు స్త్రీని బడికి పిలువరు. ఆమె చేయునది పనిగా వారికి తోచదు కాబోలు. సంతలో మూరలెక్కన అమ్ము ఆ చేతికి లెక్కయు, కొలతయు, వేగమును మన గణితపాఠముకంటె తక్కువ తెలియవు.

చివరగా, జడ విప్పుటయు ఈ విద్యలో భాగమే. నిద్రకు ముందే విప్పవలెను. కుట్టినవారే విప్పుట మేలు, ఏ కుట్టు ఎక్కడ ముగిసినదో వారికే తెలియును. క్రిందినుండి పైకి, ఒక్కొక్క ముడిని వెదకి, కత్తెర మొనను వెంట్రుకలకు ఎడముగా పట్టి కత్తిరించుచు పోవలెను. పట్టపై కుట్టిన జడయైనచో కట్లు మాత్రము తెంపి ఊడదీసి, మరునాడు ఆ పట్టపైని దారపు వరుసలను పిల్లల ముందుంచినచో, ఎవరి కుట్టు వంకరపోయినదో ఎవరిని అడుగకయే తెలిసికొందురు.