శక్తి సామాన్యం, పాత్ర విశేషం: అతిమానవ కథలలో అనుకరణ, మౌలికత

ఒక అతిమానవ పాత్రకున్న శక్తిని మరొక రచయిత తన పాత్రకు ఇచ్చినపుడు అది చౌర్యమా, కాదా అన్న ప్రశ్నకు న్యాయస్థానాలు ఒక సమాధానం చెప్పాయి. విమర్శకులు తరచు దానినే సాహిత్య తీర్పుగా కూడా స్వీకరిస్తుంటారు. ఈ రెండు పరిశీలనలు వేరని, చట్టం ఆగిన చోట విమర్శ మొదలు కావాలని ఈ వ్యాసం ప్రతిపాదన.

1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో జెర్రీ సీగెల్, జో షుస్టర్‌ల సూపర్‌మాన్ అవతరించాడు. ఏడాది తిరగకముందే విక్టర్ ఫాక్స్ అనే ప్రచురణకర్త కోసం విల్ ఐస్నర్ ‘వండర్ మాన్’ను రూపొందించాడు. ఇద్దరూ సామాన్య దుస్తుల కింద తమ బలాన్ని దాచుకుంటారు. ఇద్దరినీ తూటాలు తాకి వెనుదిరుగుతాయి. ఇద్దరిదీ ఒంటికి అతుక్కున్న గారడీవాని వేషమే. ఒకరిది నీలం, మరొకరిది ఎరుపు. 1940లో అమెరికా అప్పీలు న్యాయస్థానంలో న్యాయమూర్తి ఆగస్టస్ హాండ్ వండర్ మాన్‌ను నిషేధించాడు. లోకోపకారి అయిన మహాబలుడు అన్న భావన మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదని, ఆ భావనను దాటి చిత్రంలోను రచనలోను ఉన్న వివరాలను ఎత్తుకోవడమే తప్పని ఆ తీర్పు సారాంశం. అయితే నిషేధాజ్ఞ పాఠంలో మాత్రం సూపర్‌మాన్ చేసే బలకృత్యాలు, అతని శక్తులు కూడా చోటు చేసుకున్నాయి. తీర్పులో వదిలినదానిని ఆజ్ఞలో కొంత తిరిగి పట్టుకున్నట్లయింది. ఈ తడబాటు యాదృచ్ఛికం కాదు. శక్తికీ, దానిని చూపే దృశ్యానికీ నడుమ గీత గీయడం నిజంగానే కష్టం.

ఆ గీతను మన ఆలంకారికులు మరొక విధంగా గీశారు. ధ్వన్యాలోకం చతుర్థోద్ద్యోతంలో ఆనందవర్ధనుడు కవుల మధ్య సంవాదాన్ని మూడు విధాలుగా విభజించాడు: ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, తుల్యదేహి వంటిది. మొదటిదానికి వేరే ఆత్మ లేదు. రెండవదానిది తుచ్ఛమైన ఆత్మ. ఈ రెండూ త్యాజ్యాలు. మూడవదానికి తనదైన ఆత్మ ఉన్నది గనుక, దేహం ఇంకొకరిని పోలినంత మాత్రాన కవి దానిని విడువనక్కర లేదు. రంగు మార్చిన వండర్ మాన్ చిత్తరువు కోవలోనివాడని చెప్పడానికి సందేహించనక్కర లేదు.

1940లోనే వచ్చిన ఫాసెట్ సంస్థవారి కెప్టెన్ మార్వెల్ సంగతి అంత సులువు కాదు. అతని బలమూ సూపర్‌మాన్ బలం వంటిదే. కాని అతడు బిల్లీ బాట్సన్ అనే బాలుడు. ఒక మంత్రాక్షరిని ఉచ్చరించి మహావీరుడౌతాడు. సొలొమోను జ్ఞానం, హెర్క్యులీస్ బలం మొదలుగా ఆరుగురి గుణాలు ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. పెద్దవాడు కావాలన్న పిల్లవాని కోరిక ఆ కథకు ఆత్మ. సూపర్‌మాన్‌లో అది లేదు. నా దృష్టిలో ఇది తుల్యదేహి. 1951లో లెర్నెడ్ హాండ్ తీర్పు వాదికి అనుకూలంగా వెలువడింది. 1953లో రాజీ కుదిరి ఫాసెట్ ఆ పాత్రను విరమించుకున్నది. తరువాత 1973లో ఆ వాది సంస్థే అనుమతి పొంది కెప్టెన్ మార్వెల్ కథలను ప్రచురించడం ఒక చమత్కారం.

తెలుగులో ఈ విషయానికి ప్రవరుని పాదలేపాన్ని మించిన ఉదాహరణ లేదు. సిద్ధుడిచ్చిన పసరు, దానితో హిమాలయ గమనం, మంచుకు అది కరగిపోవడం మార్కండేయ పురాణంలోనివే. మారన వాటిని తెనిగించాడు, పెద్దన గ్రహించాడు. ఆకాశగమనశక్తిలో గాని, అది పోయే తీరులో గాని పెద్దన కల్పన లేదు. శక్తిని కోల్పోయి ఇంటిదారి అడగవలసి వచ్చిన గృహస్థుని ఆందోళనను, అతనిని చూచిన వరూధిని మోహాన్ని ఎదురెదురుగా నిలిపి రెండింటికీ సమానమైన ప్రాణం పోయడంలో ఉన్నది ఆయన ప్రతిభ. శక్తి పూర్వులది; దాని లోపం వల్ల పుట్టిన సంఘర్షణకు వచ్చిన రసపుష్టి పెద్దనది.

1986లో ఆరంభమైన ‘వాచ్‌మెన్’ దీనికి ఆధునిక సాక్ష్యం. చార్ల్‌టన్ సంస్థ పాత్రలతో ఆ కథ నడపాలని ఆలన్ మూర్ తొలుత తలచాడు. ప్రచురణకర్త అంగీకరించకపోవడంతో కొత్త పాత్రలను కల్పించాడు. కెప్టెన్ ఆటమ్ అణుశక్తి డాక్టర్ మన్‌హాటన్‌కు సంక్రమించింది. అయితే ఇక్కడ ఆ శక్తి మనిషిని మనుషులకు దూరం చేస్తుంది. గతం, భవిష్యత్తు ఏకకాలంలో కనిపించేవానికి ఒకరి చావు పట్ల కలవరం కూడా తగ్గిపోతుంది. అనుమతి నిరాకరణ ఇక్కడ రచయితకు మేలే చేసింది.

మన దేశంలో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 1978లో భావానికి, ఇతివృత్తానికి స్వామ్యం లేదని చెప్పింది. రెండు కృతులనూ చూచిన ప్రేక్షకుని మనసులో మిగిలే ముద్ర ప్రమాణమని కూడా చెప్పింది. మన మూలాన్వేషణ సిద్ధాంతవ్యాసాలు చాలావరకు ఆ రెండవ మాట దాకా పోవు. మూలంలోని అంశాలను ఒక వరుసలో, కావ్యంలోని అంశాలను మరొక వరుసలో పేర్చి, పోలికలను లెక్కించి ఊరుకుంటాయి. ఆ పట్టికలో మారన ప్రవరుడు, పెద్దన ప్రవరుడు ఒక్కరే. కెప్టెన్ ఆటమ్, డాక్టర్ మన్‌హాటన్ కూడా దాదాపు ఒక్కరే. పాత్ర ఆ శక్తికి ఏమి మూల్యం చెల్లించింది, అది పోయినపుడు ఏమైంది అన్న ప్రశ్నలకు అందులో గడి లేదు.