కరువు, బెట్ట, బూజు: అనంతపురం పరిశోధనలు – తెలుగు విజ్ఞాన వచనం

అనంతపురం కరువును గురించి తెలుగులో రెండు ధారలుగా రచన సాగింది. మొదటిది సృజనాత్మక సాహిత్యం. 1950వ దశకంలో వెలువడిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలుకొని సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి రచనల వరకు వచ్చిన ఈ ధారపై విశ్వవిద్యాలయాలలో విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. రెండవది విజ్ఞాన వచనం. వ్యవసాయ, భూగర్భ, జీవరసాయన, వైద్య పరిశోధనల ఫలితాలను తెలుగు పాఠకునికి అందించే పత్రికా వ్యాసాలు, పాఠ్యపుస్తకాలు, కరపత్రాలు ఈ కోవలోకి వస్తాయి. దీనిని వచనంగా చదివి గుణదోషాలను నిర్ణయించే పనిని తెలుగు విమర్శ తనదిగా భావించలేదు. భావించిన కొద్ది సందర్భాలలోనూ చర్చ పరిభాష దగ్గరే ఆగిపోయింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటి నుండి ఆంగ్ల పదానికి సమానార్థకం సంస్కృతం నుండి తేవాలా, వాడుక నుండి తీసుకోవాలా అన్నదే ప్రధాన వివాదం. అంతకంటే లోతైన సమస్య వాక్యంలో ఉంది. పరిశోధకుడు ఎంత తెలిసిందని చెప్పాడో, ఎంత నిశ్చయంతో చెప్పాడో ఆ కొలత తెలుగు వాక్యంలోకి వస్తున్నదా అన్నది చూడవలసి ఉంది.

ముందుగా ‘కరువు’ అన్న మాటనే పరిశీలించవచ్చు. ఆంగ్లంలోని ‘డ్రాట్’ అనే ఒక్క పదాన్ని శాస్త్రజ్ఞులు విశేషణాలు చేర్చి విడదీసుకున్నారు. సాధారణ వర్షపాతం కంటే 26 శాతం లేదా అంతకు మించి లోటు ఏర్పడితే భారత వాతావరణ విభాగపు కొలమానంలో అది వాతావరణ సంబంధమైనది. చెరువులు, బావులు, భూగర్భజలం తగ్గితే జలసంబంధమైనది. పైరు వేరుకు అందవలసిన తేమ అందవలసిన రోజులలో అందకపోతే వ్యవసాయ సంబంధమైనది. ఈ మూడూ ఒకే ఏడాది కలిసి రావాలని లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల అనంతపురంలో మొత్తం లెక్క సరిపోయి కూడా పంట పోయిన సంవత్సరాలు రైతుకు కొత్త కాదు.

ఈ భేదాలకు తెలుగు పదాలను కల్పించవలసిన అవసరమే లేదు. వానల లోటుకు ‘అనావృష్టి’ ఉంది. రెండు వానల మధ్య పైరు వాడిపోయే ఎడానికి ‘బెట్ట’ ఉంది. విత్తడానికి తగిన నేల తేమకు ‘పదును’ ఉంది. తిండి, పని, పశుగ్రాసం అన్నీ కలిసి కూలిపోయే సామాజిక స్థితికి ‘కరువు’, ‘క్షామం’ ఉన్నాయి. ఆంగ్లం విశేషణాలతో చేసిన పనిని సీమ రైతు నామవాచకాలతోనే చేసుకున్నాడు. అయితే విజ్ఞాన వచనం ‘డ్రాట్’ కనిపించిన ప్రతిచోటా ‘కరువు’ అని రాసింది. ‘కరువును తట్టుకునే రకం’ అన్న ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. కదిరి పరిశోధన స్థానం రూపొందించిన వేరుశనగ రకాలలో ఏదైనా తట్టుకునేది బెట్టనే. అదీ కొన్ని రోజుల బెట్టను, పైరు కొన్ని దశలలో ఉన్నప్పుడు. అప్పును, వలసను, ధర పతనాన్ని ఏ విత్తనమూ తట్టుకోలేదు. ‘బెట్టను తట్టుకునే రకం’ అని రాసి ఉంటే పరిశోధకుడు ఇచ్చిన హామీ ఎంతో రైతుకు తెలిసేది. ‘కరువు’ అనడంతో ఆ హామీ పదింతలు పెరిగింది, విఫలమైనప్పుడు శాస్త్రంపై అపనమ్మకమూ అంతే పెరిగింది.

భారత వాతావరణ విభాగం 2016లో దేశవ్యాప్త వర్షపాతాన్ని వర్ణించేటప్పుడు ‘డ్రాట్’ అన్న మాటను విడిచి ‘లోటు సంవత్సరం’ అన్న అర్థమిచ్చే పదాన్ని చేపట్టింది. కరువును ప్రకటించడం తన పని కాదనీ, వర్షాన్ని కొలవడమే తన పని అనీ ఆ విభాగం గీసుకున్న గీత అది. తెలుగు శీర్షికలలో ఈ గీత కనిపించదు.

పద విభజన లోపం అన్నిటికంటే ప్రమాదకరంగా పరిణమించే చోటు వేరుశనగ బూజు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం నేలలోనే ఉంటుంది. ఊడలు దిగి కాయ ఊరిన తరువాత, కోతకు ముందు చివరి మూడు నుండి ఆరు వారాలలో బెట్ట వచ్చి నేల వేడెక్కితే అది గింజలోకి చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఇక్కడి జీవరసాయన ప్రక్రియ గమనార్హం. తగినంత తేమ గల గింజ శిలీంధ్రం సోకగానే స్టిల్బీన్ వర్గపు రక్షక పదార్థాలను ఉత్పత్తి చేసుకుంటుంది. బెట్టలో గింజ తేమ కోల్పోతే ఆ ఉత్పత్తి ఆగిపోతుంది, శిలీంధ్రం మాత్రం అంతకంటే తక్కువ తేమలోనూ పెరుగుతూనే ఉంటుంది. గింజ చేతిలోని ఆయుధం జారిపోయినా శత్రువు బలం తగ్గని ఆ కొద్ది రోజుల ఎడమే విషానికి మూలం. ఈ విషయాన్ని తెలుగులో చెప్పడానికి ‘బెట్ట’ తప్ప మరో మాట పనికిరాదు. ‘కరువు వల్ల విషం’ అంటే అర్థమే మారిపోతుంది.

ఈ విషం సంగతి 1960లో ఇంగ్లండులో లక్ష వరకు టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు వెలుగులోకి వచ్చింది. వాటి దాణాలోని వేరుశనగ పిండి బ్రెజిల్ నుండి వచ్చింది. తదనంతర పరిశోధనలు ఈ విషానికీ కాలేయ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని స్థాపించాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మొదటి వర్గంలో చేర్చింది. ఈ ‘మొదటి వర్గం’ తెలుగులో ‘అత్యంత ప్రమాదకరమైన’ అన్న విశేషణంగా మారడం పరిపాటి. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత బలమైనదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. ఒక పదార్థం మనిషిలో క్యాన్సర్‌ను కలిగించగలదనడానికి చాలినంత ఆధారం ఉన్నదన్నంత వరకే దాని అర్థం. ఎంత మోతాదు, ఎంత కాలం, ఎవరిలో అన్న ప్రశ్నలు వేరు. ఉదాహరణకు, హెపటైటిస్ బి దీర్ఘకాలంగా ఉన్నవారిలో ఈ విషం వల్ల కలిగే ముప్పు విడివిడి ముప్పుల మొత్తాన్ని మించి పెరుగుతుంది. ‘కారణం’, ‘కారకం’, ‘దోహదం’, ‘ముడిపడి ఉంది’ అన్న నాలుగు మెట్లు తెలుగులో ఉన్నాయి. విజ్ఞాన వచనం అన్నిటినీ ‘కారణం’ మెట్టు మీదనే నిలబెడుతున్నది.

ఇది పండిత చర్చ మాత్రమే అనుకోవడానికి వీలులేదు. ‘వేరుశనగతో క్యాన్సర్’ అని రాస్తే వర్షాధార రైతుకున్న ఏకైక నగదు పంట మీద దెబ్బ పడుతుంది. ఏమీ రాయకపోతే మరో నష్టం ఉంది. అఫ్లాటాక్సిన్ వేడికి సులభంగా నశించదు, వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్లను కిలోకు 4 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. ఎగుమతికి గింజలను ఏరినప్పుడు పక్కన పెట్టిన ముడత గింజలు, రంగు మారిన గింజలు ఎక్కడికి పోతాయన్నది అసలు ప్రశ్న. గానుగకు పోతే విషం అధికభాగం పిండిలో మిగులుతుంది. ఆ పిండి పశువు తింటే విషం రూపం మార్చుకొని పాలలోకి వస్తుంది. అమ్ముడుపోని కాయ ఇంట్లోనే మిగిలితే దానిని తినేది పండించినవారే. నాణ్యమైనది దూరదేశానికీ, శేషం పండించిన ఇంటికీ చేరే ఈ పంపకం సీమ కథకునికి అచ్చంగా దొరకవలసిన వస్తువు. ‘జూదం’ అన్న శీర్షికతోనే ఈ సేద్యపు స్వభావాన్ని పట్టుకున్న సింగమనేని తరువాత, బూజు గింజ ప్రయాణాన్ని కథావస్తువుగా చూడడానికి కావలసిన సమాచారం తెలుగులో అందుబాటులో లేకపోవడం విజ్ఞాన వచనపు వైఫల్యం.

క్యాన్సర్ ప్రస్తావనలో యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేరు తప్పనిసరిగా వస్తుంది. ఆయనపై తెలుగు రచనలు ప్రధానంగా నివాళులు. భీమవరం నుండి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల వరకు సాగిన ప్రయాణం, దక్కని గుర్తింపు, పరాయి దేశంలో మరణం ఆ రచనల ఆవేదనకు ఆధారాలు. ఆయన చేసిందేమిటన్నది మాత్రం ఒక వాక్యంలో దాటిపోతుంది. కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. రూపంలో దానిని పోలి ఉండి, పనిలో దానిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ గల పిల్లలపై ప్రయోగించి, తాత్కాలిక ఉపశమనం కలిగిందని 1948లో ప్రకటించాడు. ఆ ‘తాత్కాలిక’ అన్న విశేషణాన్ని తొలగించి ‘క్యాన్సర్‌కు మందు కనుగొన్నాడు’ అనడం గౌరవంగా కనిపించవచ్చు. కాని మారువేషంతో ఎంజైమును ఏమార్చవచ్చునన్న ఆలోచన ఎంత గొప్పదో ఆ వాక్యం పాఠకునికి చెప్పదు.

భౌతికశాస్త్రం సీమలో ప్రధానంగా బోరు రూపంలో ప్రవేశించింది. నేలలోకి విద్యుత్తును పంపి నిరోధకతను కొలిచే పద్ధతిలో తక్కువ నిరోధకత పగుళ్లలోని నీటిని సూచించవచ్చు, బంకమట్టినీ ఉప్పు నేలనూ కూడా సూచించవచ్చు. ఆంగ్ల నివేదికలోని ఈ ‘వచ్చు’ తెలుగులో ‘నీరుందని తేలింది’ అయినప్పుడు ఆ క్రియాపదానికి మూల్యం చెల్లించేది బోరు వేయించినవాడు.

సముద్ర జీవశాస్త్రానికి ఈ పీఠభూమిలో చోటు లేదనిపిస్తుంది. తాడిపత్రి, వేంపల్లె పేర్లు పెట్టుకున్న కడప బేసిన్ శిలలు సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటి లోతులేని సముద్రపు అవక్షేపాలు. వేంపల్లె డోలమైట్‌లోని పొరల గుట్టలైన స్ట్రోమాటోలైట్లు ఆనాటి సూక్ష్మజీవుల కట్టడాలు. వాటిని కట్టినవి శైవలాలు కావు, బాక్టీరియా. ‘నీలి ఆకుపచ్చ శైవలాలు’ అన్న పాత పేరును ఇప్పటికీ మోస్తున్న పాఠ్యపుస్తకాలు దీనిని సవరించుకోవలసి ఉంది.

ప్రణాళిక విషయంలో పరిస్థితి భిన్నం. ‘వాటర్‌షెడ్’ పథకాలు వచ్చినప్పుడు ‘పరీవాహక ప్రాంతం’, ‘జలవిభాజకం’ వంటి మాటలు వాడారు. వీటిలో మొదటిది నీరు చేరే క్షేత్రం, రెండవది నీటిని విడదీసే గట్టు. ఒకదానికి మరొకటి పర్యాయపదం కానేరదు. వంక, కుంట, తూము, మరవ అనే మాటలతో గొలుసు చెరువులను నిర్వహించుకున్న ప్రాంతంలో ఈ గందరగోళం చోటుచేసుకోవడం విచిత్రం. అలాగని దేశీయ జ్ఞానమంతా దేశీయ భాషలోనే ఉన్నదనడమూ సరికాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) సంస్కృతంలో ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువు నిర్మాణానికి పన్నెండు అంగాలనూ ఆరు దోషాలనూ చెబుతుంది. ఆ అంగాలలో ‘పాథశ్శాస్త్రం’, అనగా జలశాస్త్రం, తెలిసిన బ్రాహ్మణుడు ఒకడు. రోజుకు వేయిమంది కూలీలు రెండేళ్లు పనిచేసినట్లు కూడా అందులో ఉంది. శాస్త్రం ఒక భాషలో, మట్టి మోసినవారి మాట మరో భాషలో ఉండడం నాటికే స్థిరపడిన ఏర్పాటు. దోషాల జాబితా మాత్రం నేటి నివేదికకంటే సూటిగా ఉంది. కట్ట నుండి నీరు ఊరడం, ఉప్పు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ తాబేటి వీపు వంటి మెట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇందులో ఎక్కడా ‘కరువు’ అన్న అర్థమిచ్చే మాట లేదు.