చన్నీళ్లకు వేన్నీళ్లు తోడు

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లలు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కేవాళ్లు పొద్దున్నే వేడి సాంబారులో ఇడ్లీ ముంచుకుంటారు. బాయిలర్ మనిషి ఎవరికీ గుర్తురాడు. ఆవిరితో వండే పెద్ద వంటశాలలో అతని రోజు చీకటితోనే మొదలవుతుంది. ముందు గాజు గొట్టంలో నీటిమట్టం చూస్తాడు. అడుగున చేరిన మడ్డిని బయటికి వదిలేస్తాడు. చన్నీళ్లను నేరుగా బాయిలర్‌లోకి పోనివ్వడు. రెండు పొరల సాంబారు గంగాళాన్ని కాచి నీరైన ఆవిరి, నీటిని మాత్రమే వదిలే ట్రాప్ దాటి, బాయిలర్‌కు నీరందించే ఫీడ్ ట్యాంకుకే తిరిగొస్తుంది. అలా దక్కిన వేడితో ఫీడ్ నీరు 6 డిగ్రీలు పెరిగితే చాలు, ఇంధనం దాదాపు 1 శాతం మిగులుతుంది. ఆ వేడి చాలనప్పుడు ఆటోమేటిక్ వాల్వ్ కాస్త తాజా ఆవిరిని కలుపుతుంది. నీళ్లలో మునిగిన దాని బుడ్డిలో ద్రవం వేడికి ఉబ్బి వాల్వ్‌ను మూస్తుంది, చల్లబడితే స్ప్రింగు తెరుస్తుంది. కరెంటుతో పనే లేదు. నీరు కాగితే అందులోని ఆక్సిజన్ చాలావరకు పోయి ట్యూబులు అంత త్వరగా తుప్పు పట్టవు. మరీ మరిగితే పంపు నీళ్లు అందుకోలేదు. ఆ మధ్య గీతను వాల్వ్ కాపాడుతుంది, వాల్వ్‌ను అతను కాపాడతాడు. ట్రాప్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఆవిరి వృథాగా జారిపోతోందేమో వింటాడు. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడంటారు. ఇక్కడ సామెత తిరగబడింది, మన కడుపు చల్లబడింది.