కొబ్బరినూనె - ఎండ - ఒక అంకె

గోదావరి డెల్టాలో కొబ్బరినూనెకు గల మర్యాద మరి ఏ నూనెకూ లేదు. తలకు అదే, ఒంటికి అదే, పసిబిడ్డకు అదే. ఇటీవల దీనికి మరొక బిరుదు తగిలించారు. ఎండనుండి చర్మాన్ని ఇది కాపాడుతుందట. దీని సూర్యరక్షణాంకం 7 అట. ఈ అంకె ప్రకటనలలోనూ, సౌందర్య శీర్షికలలోనూ, ఇంటివైద్యపు పుస్తకాలలోనూ చేతులు మారుతూ వస్తున్నది. "చెట్టునుండి వచ్చినది కాబట్టి మంచిది" అనే మాట ఒంటరిగా ఉన్నంతకాలం అది నమ్మకమే. దాని పక్కన ఒక అంకె చేరగానే శాస్త్రమై కూర్చుంటుంది. కాబట్టి ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు విచారించక తప్పదు.

సూర్యరక్షణాంకం అంటే ఏమిటి? అతినీలలోహిత కిరణాలు తగిలి చర్మం ఎర్రగా కందటానికి ఒక కనీసపు మోతాదు అవసరం. లేపనం పూసినచోట అంతే కందు రావటానికి ఎన్ని రెట్ల మోతాదు కావలసివస్తుందో ఆ రెట్లే సూర్యరక్షణాంకం. దీనిని మనుష్యుల వీపుమీద, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున లేపనం పూసి, కృత్రిమ సూర్యకాంతిని ప్రసరింపజేసి నిర్ణయిస్తారు. అంకం 7 అయితే, కందు పుట్టించే కిరణాలలో ఏడవవంతు మాత్రమే చర్మాన్ని చేరుతున్నదన్నమాట. అనగా నూటికి 86 వంతులు దారిలోనే ఆగిపోతున్నవి. ఇది చిన్న బిరుదు కాదు.

కొబ్బరినూనెకు ఈ 7 వచ్చినది వీపుమీద కాదు, గాజుపాత్రలో. మనదేశపు పరిశోధకులే 2010లో ప్రచురించిన ఒక వ్యాసంలో కొన్ని నూనెలను నీరు కలిపిన ఆల్కహాలులో పలుచన చేసి, స్పెక్ట్రోఫోటోమీటరు అనే కాంతిమాపక యంత్రంలో పరీక్షించారు. ఆలివ్ నూనెకు ఏడున్నర, కొబ్బరినూనెకు సుమారు 7 వచ్చినవి. నువ్వులనూనెకు రెండు కూడ రాలేదు. లెక్కకు వాడినది 1986లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన సూత్రం. 290 నుండి 320 నానోమీటర్ల వరకు అయిదేసి నానోమీటర్లకు ఒకటి చొప్పున ఏడు కొలతలు తీసి, ఒక్కొక్కదానిని ఒక నిర్ణీత సంఖ్యతో గుణించి, మొత్తాన్ని పదిరెట్లు చేస్తారు. ఈ పదిరెట్లు ఎందుకంటే, హోమోసలేట్ అనే రసాయనం నూటికి 8 పాళ్ళు గల ప్రామాణిక లేపనానికి అంకం 4 రావాలి కాబట్టి. అంటే ఆ సూత్రం ఒక పద్ధతిలో తయారైన, ఆల్కహాలులో చక్కగా కరిగే లేపనాలకు సరిపోవునట్లు కట్టిన కొలబద్ద.

ఆ కొలబద్దను నూనెకు పెట్టినచోటనే చిక్కు వచ్చింది. నీళ్ళు కలిసిన ఆల్కహాలులో నూనె కరుగదు. కంటికి కనబడనంత సన్నని బిందువులై తేలుతూ ద్రవాన్ని మసకబరుస్తుంది. ఆ బిందువులు కాంతిని పక్కలకు చెదరగొడతాయి. యంత్రానికి తెలిసినదల్లా అవతలికి ఎంత కాంతి చేరిందన్నదే; చేరనిది శోషింపబడిందో చెదిరిపోయిందో దానికి తెలియదు. వరదకాలంలో ధవళేశ్వరం దగ్గర ఎర్రనీరు ఒక గ్లాసులో పట్టి, అవతలి దీపం కనిపించటం లేదు కాబట్టి గోదావరి నీరు వెలుతురును తాగుతున్నదని ఎవరైనా అంటే నవ్వుతాము. ఇక్కడ జరిగినది అంతకు చాల దూరం కాదు.

పైగా ఆ కొలతలు 320 నానోమీటర్లతో ఆగిపోయినవి. చర్మాన్ని నల్లబరచటంలో, ముడతలు తేవటంలో పెద్ద పాత్ర వహించే కిరణాలు 320 నుండి 400 వరకు ఉన్నవి. అంకె నిజమే అనుకున్నా వాటి సంగతి అది చెప్పదు. ఇందులో పరిశోధకులను మరీ తప్పుపట్టనక్కరలేదు. లేపనాల తయారీకి ఏ నూనె అనువైనదో పోల్చిచూడటం వారి ఉద్దేశం. పోలికకోసం తీసిన అంకెను ఒంటిమీదికి ఎక్కించినవారిది అసలు దోషం.

కొబ్బరినూనె అతినీలలోహిత కిరణాలను శోషించగలదా అన్నది యంత్రం లేకుండానే కొంతవరకు చెప్పవచ్చును. ఒక అణువు 300 నానోమీటర్ల ప్రాంతపు కిరణాలను పట్టుకోవాలంటే, దానిలో ద్విబంధాలు ఒకటి విడిచి ఒకటిగా వరుస తీరి ఉండాలి. కొబ్బరినూనెలో నూటికి తొంబైపాళ్ళు సంతృప్త కొవ్వు ఆమ్లాలు. అందులో సగం లారిక్ ఆమ్లం. ఈ గొలుసులలో ద్విబంధమే లేదు, ఇక వరుస ఎక్కడిది? శుద్ధమైన కొబ్బరినూనె నీరువలె తేటగా ఉండటమే గాక, ఈ కిరణాలకు కూడ ఇంచుమించు తేటగానే ఉంటుంది. 2016లో అమెరికాలో పలు నూనెలను, కలబంద రసాన్ని పరీక్షించినప్పుడు చెప్పుకోదగిన రక్షణ దేనికీ కనిపించలేదు. పొట్టు రేగే చర్మవ్యాధులకు అతినీలలోహిత చికిత్స చేసేటప్పుడు ముందుగా నూనెవంటి పూతను రాయటం కలదు. పొట్టుమీద కాంతి చెదరక లోపలికి బాగా చేరటానికి! చర్మం ఎండిపోకుండా, పగలకుండా కాపాడటంలో కొబ్బరినూనెకు ఉన్న పేరు న్యాయమైనదే. ఆ పేరు చాలదా?

పసుపును గురించి కూడ ఇట్టి మాటలే వినవస్తున్నవి. పసుపులోని కుర్కుమిన్ ఎక్కువగా పట్టుకునేది 425 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని. అందుకే అది మనకు పచ్చగా కనిపిస్తుంది. తెల్లబట్టకు పసుపు మరక అయితే తడిపి ఎండలో ఆరవేయటం ప్రతి ఇల్లాలికీ తెలుసు. సాయంత్రానికి మరక వెలిసిపోతుంది. తానే ఎండకు విరిగిపోయే పదార్థం చర్మానికి ఎంతసేపు గొడుగు పట్టగలదు?

గోధుమవన్నె, చామనచాయ గలవారికి మెలనిన్ అనే రంగుపదార్థం కొంత రక్షణ ఇస్తున్నది. అయినా మంగు, ముడతలు, నలుపు వారికీ తప్పవు. బొల్లి మచ్చలలోనూ, పుట్టుకతోనే రంగు లేనివారిలోనూ ఆ మెలనిన్ కూడ ఉండదు. అట్టివారు 7 అన్న అంకెను నమ్మి నూనె రాసుకొని చేలోకి వెళ్తే కలిగే నష్టం నవ్వులాట కాదు. ఊడ్పులకు వెళ్ళే ఆడవారు చీరమీద మగవారి పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాలు చుట్టుకోవటం డెల్టాలో చూస్తుంటాము. ఆ చొక్కా గొప్పదనాన్ని ఏ శీర్షికా రాయదు. దట్టమైన నేతబట్ట ఆపే కిరణాల ముందు నూనె ఆపేవి లెక్కలోకి రావు.

వింత ఏమంటే, ఈ కిరణాలను నిజంగా శోషించే పదార్థం డెల్టాలో లేకపోలేదు. అది కొబ్బరిలో కాదు, తవుడులో ఉన్నది. 1950ల మొదట జపాను రసాయనజ్ఞులు తవుడునూనె నుండి వేరుచేసి, వరి శాస్త్రీయనామమైన ఒరైజాను బట్టి దీనికి ఒరైజనాల్ అని పేరుపెట్టారు. ఇది ఒక పదార్థం కాదు, ఒక కుటుంబం: మొక్కల స్టెరాల్‌లతో ఫెరులిక్ ఆమ్లం కలిసి ఏర్పడిన ఎస్టర్లు. ఫెరులిక్ ఆమ్లంలో బెంజీన్ వలయమూ, దానికి ఆనుకొని ఒక ద్విబంధమూ ఉన్నవి. పైన చెప్పిన వరుస ఇదే. దీని శోషణ 315 నుండి 330 నానోమీటర్ల మధ్య శిఖరానికి చేరుతుంది. ఫెరులిక్ ఆమ్లానికి మరొక గుణమున్నది. సి, ఇ విటమిన్లు కలిపిన ద్రావణంలో దీనిని నూటికి అరపాలు చేర్చగా, పందిచర్మం మీద రక్షణ నాలుగురెట్ల నుండి ఎనిమిది రెట్లకు పెరిగినట్లు 2005లో అమెరికా పరిశోధకులు చూపారు. ఆ ద్రావణం కాంతిని అడ్డగించటం కంటె, కాంతివల్ల పుట్టే చురుకైన అణుశకలాలను అణచటమే ఎక్కువ.

ఇది చదివి ఎవరైనా వంటింటి తవుడునూనెను ముఖానికి పులుముకుంటే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ముడి తవుడునూనెలో ఒరైజనాల్ నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. హోమోసలేట్ ఎనిమిది పాళ్ళు ఉంటేగాని అంకం 4 రాలేదని మరువరాదు. ఒరైజనాల్ దానికంటె గట్టిగా శోషించేదే, కాని ఇంత కొద్దిపాళ్ళు చేయగలిగింది కొంచెమే. ఆ కొంచెం కూడ సీసా చేరేసరికి మిగలకపోవచ్చును. బియ్యం మిల్లులో తవుడు విడివడిన క్షణంనుండి లైపేజ్ అనే ఎంజైము నూనెను విరిచి, పులుపెక్కిస్తుంది. ఆ ఆమ్లాలను తొలగించటానికి నూనెను క్షారంతో కడిగినప్పుడు ఒరైజనాల్‌లో అధికభాగం క్షారంతోపాటు సబ్బుమడ్డిలోకి పోతుంది. ఆవిరితో ఆమ్లాలను తోలివేసే పద్ధతిలో చాలావరకు నూనెలోనే నిలుస్తుంది. కాబట్టి డెల్టా పంటలలో ఎండకు మందు వెదకవలసిన చోటు సౌందర్య శీర్షిక కాదు, ఆ మడ్డి. దానినుండి ఒరైజనాల్ రాబట్టవచ్చును. రాబట్టి తగిన పాళ్ళలో లేపనం చేసి, వీపుమీద పరీక్షించిన తరువాతనే దాని పక్కన అంకె వేయాలి.